బంజరు అని పేరు పెట్టిందెవరు? అడవి ఆముదం మిగిల్చిన లెక్క



పోయిన భాగంలో లావణి పట్టాల మీద రాశాను. అది చదివి కాకతీయ యూనివర్సిటీలో చదువుకునే ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, బంజరు భూముల్లో మళ్లీ కానుగ పెట్టాలని మాట్లాడుతున్నారు. నూనె వస్తది, మనోళ్లకు పని దొరుకుతది, వాతావరణానికి కూడా మంచిదే కదా. మీరు ప్రతిదాన్నీ అనుమానంగనే చూస్తరెందుకు?"

అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి ఈ వారం భాగమంతా దీనికే.

ముందే ఒక మాట. కానుగ మీద నాకు కోపం లేదు. నేను కానుగ నీడన పెరిగినవాణ్ణే. మా తాత లందలో తోలు ఊనేవాడు. తంగేడు చెక్కతో ఊనిన తోలు మెత్తబడాలంటే కానుగ నూనె రాయాలి. గజ్జి లేస్తే అదే నూనె, గుడ్డి దీపంలో అదే నూనె. నాట్లకు ముందు పొలంలో తొక్కడానికి కానుగ రొట్ట. ఎండాకాలం మా అవ్వ వాగు ఒడ్డున రాలిన కాయలు ఏరుకొచ్చి, కర్రతో కొట్టి, గింజలు తీసి, షావుకారి దుకాణంలో పోసి ఉప్పు, మిరపకాయలు తెచ్చేది. ఏ చెట్టు ఏటేటా కాస్తుందో, ఏది ఏడాది విడిచి ఏడాది కాస్తుందో, ఏ చెట్టు గింజ నిండుగా ఉంటుందో ఆమెకు నోటికి వచ్చు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

కాబట్టి అడవి చెట్టును నూనె పంటగా మార్చడం తప్పని నేను అనడం లేదు. ఎవరి భూమిలో, ఎవరి కష్టంతో, ఎవరి నష్టం మీద మారుస్తారని అడుగుతున్నాను. ఈ ప్రశ్న ఇరవై ఏళ్ల కింద అడగలేదు. దాని ఫలితం చూశాం.

2003లో ఏం జరిగింది

2003లో ప్రణాళికా సంఘం ఒక నివేదిక ఇచ్చింది. డీజిల్‌లో 20 శాతం జీవ ఇంధనం కలపాలి, దానికి జట్రోఫా నాటాలి అన్నది. మనం అడవి ఆముదం అంటాం, కొన్ని చోట్ల నేపాళం అంటారు. 2011-12 నాటికి 1 కోటి 12 లక్షల హెక్టార్లలో నాటాలని లెక్క. ఇది ఎంత భూమో తెలియాలంటే ఒక పోలిక చూడండి. ఇప్పటి మన తెలంగాణ మొత్తం విస్తీర్ణం 1,12,077 చదరపు కిలోమీటర్లు. హెక్టార్లలో చెబితే సరిగ్గా 1 కోటి 12 లక్షలు. హైదరాబాద్, వరంగల్, గోదావరి, నల్లమల, మన ఇళ్లు, మన చెరువులు, అన్నీ తీసేసి రాష్ట్రమంతా అడవి ఆముదం పెడితే ఆ లెక్క సరిపోతుంది.

అంత భూమి ఎక్కడుంది? కాగితం మీద ఉంది. పేరు బంజరు.

దిగుబడి లెక్క కూడా కాగితం మీదే ఉంది. హెక్టారుకు 2,500 మొక్కలు, మొక్కకు కిలోన్నర గింజ, మొత్తం 3,750 కిలోలు. వానల మీద ఆధారపడ్డ నేలల్లో నాటి చూస్తే చాలా చోట్ల టన్ను కూడా దాటలేదు. ఎందుకు దాటలేదో బాటనీ చదివే పిల్లలకు తెలియాలి. అడవి ఆముదం మన మొక్క కాదు. మధ్య అమెరికా నుంచి వచ్చి, కంచె మొక్కగా ఊళ్ల చుట్టూ స్థిరపడింది. కంచె మొక్కకు కావలసిన గుణాలు వేరు, పంటకు కావలసిన గుణాలు వేరు. కంచెకు మేక ముట్టకపోతే చాలు, ఎండకు చావకపోతే చాలు. పంట అయితే కాయలన్నీ ఒక్కసారి పండాలి, మొక్క మొక్కకూ కాపు సమానంగా ఉండాలి. అడవి ఆముదంలో ఒకే గెలలో పువ్వు, పచ్చికాయ, పండుకాయ మూడూ ఉంటాయి. ఒకే మొక్క దగ్గరికి మళ్లీ మళ్లీ పోయి చేత్తో ఏరాలి. మన దేశంలో ఉన్న మొక్కల మధ్య జన్యుపరమైన తేడాలూ తక్కువే. ఎంచి మంచి రకం తీద్దామన్నా ఎంచడానికి పెద్దగా ఏమీ లేదు. పైగా గింజ విషం.

ఇవన్నీ నాటకముందే తెలుసుకోవలసిన సంగతులు. నాటి తెలుసుకున్నారు.

మా ఊరి సంగతి చెప్తాను. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు తొలి విడత జిల్లాల్లో వరంగల్ కూడా ఉంది. ఆ తర్వాతి ఏడాది వానాకాలం, మా బంచరాయిలో మొక్కలు పెట్టిస్తామని ఒక సారు వచ్చాడు. బంచరాయి అంటే ఊరి పశువులు మేసే ఉమ్మడి భూమి. పశువులంటే మా వాడకు మేకలే. మా అమ్మతో పాటు ముప్పై మంది ఆడవాళ్లు రోజుకు 80 రూపాయల కూలికి గుంతలు తీశారు. "మూడేండ్లల్ల కాపుకొస్తది, గింజ మీదే, కంపెనీ వచ్చి ఇంటికాడ కొంటది" అన్నాడు ఆయన. మొక్కలు కొన్ని బతికాయి. కంపెనీ రాలేదు. ఒక పిల్లగాడు గింజలు జీడిపప్పులా ఉన్నాయని తిని రాత్రంతా కక్కుకున్నాడు. మేకలు ఆ ఆకు ముట్టవు కాబట్టి వాటి మేత పోయింది. పొయ్యిలోకి కట్టె అయినా వస్తుందా అంటే, అది మెత్తటి కట్టె, మంట నిలవదు. గుంత తీసిన కూలి తప్ప ఆ చెట్టు మా వాడకు ఏమీ ఇవ్వలేదు.

దేశమంతా దాదాపు ఇదే కథ. జీవ డీజిల్ ఫ్యాక్టరీలు గింజ దొరకక, విదేశాల నుంచి తెచ్చిన పామ్ స్టియరిన్‌తోను, హోటళ్లలో వాడి పారేసిన నూనెతోను నడిచాయి. జట్రోఫా కాయకపోవడంతో మన ప్రభుత్వం కానుగ వైపు తిరిగింది. 2009 చివర్లో వచ్చిన జాతీయ విధానం 2017 నాటికి 20 శాతం అన్నది. 2018 విధానం దాన్ని 2030 నాటికి 5 శాతానికి దించింది. లక్ష్యం దిగింది కానీ, ఆ గుంతలు తీసిన భూములకు ఏమైందని లెక్క అడిగినవాళ్లు లేరు.

"అన్నా, నష్టపోయింది మనమేనా? పెద్ద రైతులు కూడా పెట్టి పీకేశారు కదా" అని అడుగుతారు. నిజమే. వాళ్లూ నష్టపోయారు. కానీ "పీకేశారు" అన్న మాటలోనే తేడా ఉంది. పట్టా ఉన్న రైతు పీకేసి పత్తి పెట్టుకున్నాడు. బంచరాయిలో పెట్టిన మొక్కను పీకే హక్కు మా అమ్మకు లేదు. అది ప్రభుత్వ మొక్క, ప్రభుత్వ భూమి. నష్టం మాత్రం ఆమె మేకలది.

అడవి మొక్క పంట ఎట్లా అవుతుంది

ఇది తెలుసుకోవడానికి ఎక్కడికో పోనక్కర లేదు. మన ఆముదమే ఉంది. ఆముదం సహజంగా ఏళ్ల తరబడి బతికే చెట్టు. పాలమూరు, నల్లగొండ చెలకల్లో అది పేదల పంట. హెచ్.సి.-6 అనే పాత రకం చేతికి రావడానికి 270 రోజులు పట్టేది. 1960లలో మన శాస్త్రవేత్తలు దాని విత్తనాలను న్యూట్రాన్ కిరణాలకు గురిచేసి, వచ్చిన మొక్కల్లోంచి ఏరి ఏరి 'అరుణ' అనే రకం తీశారు. అది 120 రోజుల్లో వస్తుంది. వానలు ఆగేలోపు పంట చేతికొస్తే చెలక రైతు బతుకు ఎంత మారుతుందో ఆలోచించండి. పరిశోధన అంటే ఇది. ఆ పని పరిశోధన క్షేత్రంలో జరిగింది. విఫలమైన వందల మొక్కల నష్టం ప్రభుత్వం భరించింది, రైతు భరించలేదు. నిలబడ్డ ఒక్క మొక్క మాత్రమే రైతు చెలకలోకి వచ్చింది.

అమెరికాలో కాన్సస్ రాష్ట్రం సలైనా పట్టణంలో ల్యాండ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ ఉంది. 1976లో పెట్టారు. ఏటా దున్ని విత్తనం వేయనక్కర లేకుండా, ఒకసారి నాటితే ఏళ్లకేళ్లు కాసే పంటలు తయారు చేయాలన్నది వాళ్ల పని. సూర్యకాంతి కుటుంబంలో సిల్ఫియం అనే అడవి మొక్క ఉంది. వేళ్లు చాలా లోతుకు పోతాయి. దాన్ని నూనెగింజల పంటగా మార్చాలని రెండు దశాబ్దాలకు పైగా ఎంపికలు, సంకరాలు చేస్తున్నారు. ఇప్పటికీ "ఇదిగో పంట, లక్షల ఎకరాల్లో వేయండి" అనలేదు. ముందు గింజ పెద్దది కావాలి, రాలిపోకుండా నిలవాలి, తెగుళ్లకు తట్టుకోవాలి, ఆ తర్వాతే రైతు దగ్గరికి పోవాలని వాళ్ల క్రమం.

మన దగ్గర ఆ క్రమం తిరగబడింది. ముందు లక్ష్యం, తర్వాత మొక్క, చివరికి పరిశోధన. మధ్యలో ప్రయోగశాల కావాలి కదా, అది మా బంచరాయి అయింది.

కానుగ విషయంలో కూడా ఈ పని మిగిలే ఉంది. కానుగ మన నేల చెట్టు, పప్పుజాతి చెట్టు, గాలిలోని నత్రజనిని నేలకు పట్టిస్తుంది. అడవి ఆముదం కన్నా ఎన్నో రెట్లు మేలు. అయినా విత్తనం పెట్టి పెంచిన కానుగలు ఒకదానిలా ఒకటి ఉండవు. ఒక చెట్టు పది కిలోలు కాస్తే, పక్క చెట్టు యాభై దాటి కాస్తుంది. కాపుకు రావడానికే నాలుగు నుంచి ఏడేళ్లు. మంచి చెట్టు నుంచి అంటు కట్టి పెంచితే త్వరగా, సమానంగా కాస్తుంది. అంటు మొక్కలు నర్సరీలో తయారు చేయడానికి ఖర్చు, ఓపిక కావాలి. ప్లాస్టిక్ సంచిలో విత్తనం పెట్టి, ఫొటో తీసి, లక్ష మొక్కలు నాటామని చెప్పుకోవడం తేలిక.

బంజరు అనే మాటకు కులం ఉంది

ఇప్పుడు అసలు విషయం. భారత బంజరు భూముల అట్లాస్ 2000లో వచ్చింది. ఉపగ్రహ చిత్రాలు చూసి గీశారు. గీసింది మన బాలానగర్‌లోని సంస్థే. దేశంలో సుమారు 6 కోట్ల 38 లక్షల హెక్టార్లు బంజరు అని తేల్చారు. తుప్పలున్న నేల, క్షీణించిన మేతభూమి, పలచబడ్డ అడవి, అన్నీ అందులోకే వచ్చాయి.

ఉపగ్రహానికి తుప్ప కనపడుతుంది. ఆ తుప్పలో కట్టె ఏరుకునే మనిషి కనపడదు. మేక కనపడదు. యాప పలుకులు ఏరుకునే ముసలమ్మ కనపడదు. ములుగు, ఏటూరునాగారం అడవుల్లో కోయలకు ఇప్ప చెట్టు ఇచ్చే పువ్వూ, వంటనూనే కనపడవు. భూమి లేనివాళ్లు దేని మీద బతుకుతారో అదే బంజరు అయింది. సాలు దున్నిన భూమి ఒక్కటే భూమి అనుకునేవాళ్ల కంటికి, సాలు దున్నడానికి భూమి దక్కనివాళ్ల బతుకు ఖాళీగానే కనపడుతుంది.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో ఎస్సీ కమతం సగటు 0.78 హెక్టార్లు. రెండెకరాలు కూడా కాదు. అదీ కమతం ఉన్నవాళ్ల సగటు, లేనివాళ్లు ఆ లెక్కలోకే రారు. మనకు ఇచ్చిన లావణి పట్టాలు ఎక్కడున్నాయో మీకు తెలుసు. గుట్ట కింద, రాళ్లలో, చెరువు శిఖం పక్కన. 1977 చట్టం ఆ భూములు చేతులు మారకూడదన్నది. ఎన్ని చేతులు మారాయో పోయిన భాగంలో రాశాను. ఇప్పుడు వాటినే మళ్లీ బంజరు అని పిలిచి తోటలు పెడతామంటే, చెట్టు పేరుతో భూమి ఇంకోసారి చేతులు మారుతుందేమోనని మా భయం. నాలుగేళ్లు నోరు తెరవకుండా ఎదురుచూడాల్సిన పంట చిన్న కమతంలో పడితే, ఆ నాలుగేళ్లు తినేది ఏమిటి? చివరికి కౌలుకో అమ్మకానికో పోతుంది.

పని జరిగిన చోట్లు

అన్నీ ఓటములే కాదు. నాటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో ఆదివాసీ మహిళా సంఘాలు కానుగ గింజలు పట్టి నూనె తీశాయి. ఆ నూనె డీజిల్‌కు బదులుగా వాడితే తగ్గే 147 టన్నుల కార్బన్‌కు 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. అప్పటి లెక్కన దాదాపు 30 వేల రూపాయలు. పెద్ద మొత్తమేమీ కాదు. అక్కడ గింజ, నూనె మిల్లు, పిండి మూడూ ఆడవాళ్ల చేతిలో ఉన్నాయి. అదీ గమనించాల్సింది.

నాటి రంగారెడ్డి జిల్లా వెల్చాల్‌లో ఇక్రిసాట్ వాళ్లు ప్రభుత్వ భూమిలో జట్రోఫా పెట్టించినప్పుడు, భూమి లేని కూలీల సంఘాలకు ఫలసాయం మీద హక్కు ఇప్పించే పద్ధతి తెచ్చారు. ఆలోచన మంచిది. కానీ కాయని చెట్టు ఫలసాయం మీద హక్కు ఇస్తే, చేతికొచ్చేది ఆ హక్కు కాగితమే. పవర్‌గూడ, వెల్చాల్ రెండూ కలిపి చూస్తే పాఠం తేలికగా అర్థమవుతుంది. హక్కు కావాలి, కాసే చెట్టూ కావాలి. ఒకటి ఉండి ఇంకోటి లేకపోతే పని కాదు.

మరి ప్రభుత్వానికి ఈ సంగతి తెలియదా? బాగా తెలుసు. 2021లో ఆయిల్ పామ్ కోసం 11,040 కోట్లతో జాతీయ మిషన్ పెట్టారు. మొక్కలకు సబ్సిడీ, కాపు రాని నాలుగేళ్లు నిర్వహణకు సాయం, ధర పడిపోతే ఆదుకోవడానికి ఒక ఫార్ములా. ఏ మండలం గెలలు ఏ ఫ్యాక్టరీ కొనాలో ముందే నిర్ణయం. వరంగల్ చుట్టుపక్కల కూడా తోటలు చూస్తున్నాం. ఆయిల్ పామ్‌కు ఏడాది పొడవునా నీళ్లు కావాలి. అంటే బోరు, దానికి భూమి, దానికి పట్టా ఉన్న రైతు. ఆ రైతు ఎదురుచూడాల్సిన కాలానికి ప్రభుత్వం డబ్బు కడుతుంది. మా అమ్మ ఎదురుచూసిన కాలానికి ఎవరూ కట్టలేదు. నేను ఆ రైతుకు ఇవ్వొద్దు అనడం లేదు. ఎట్లా ఇవ్వాలో తెలిసినవాళ్లు మాకెందుకు ఇవ్వలేదని అడుగుతున్నాను.

ధర సంగతి కూడా చూడండి. 2020లో కేంద్రం కానుగ గింజలకు కిలోకు 22 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. అది ఆదివాసీలు సేకరించే అటవీ ఉత్పత్తుల పథకం కింద. అది వాళ్ల హక్కు, ఇంకా పెరగాలి. కానీ మైదాన ప్రాంతంలో వాగు ఒడ్డున అదే గింజ ఏరే మాదిగ ఆడమనిషికి ఆ పథకం లేదు. షావుకారి చెప్పిందే ధర. అంతెందుకు, ఇన్నేళ్ల పరిశోధన జరిగిన ఆముదానికే ఈ రోజుకీ కేంద్ర మద్దతు ధర జాబితాలో చోటు లేదు.

మా షరతులు

కాబట్టి తమ్ముడూ, నా జవాబు "వద్దు" కాదు. నా జవాబు ఒక వరుస.

మొదట భూమి హక్కు. బంచరాయిలో, ప్రభుత్వ భూమిలో ఏ చెట్టు నాటినా అక్కడి భూమిలేని ఆడవాళ్ల సంఘం పేరు రికార్డులో ఎక్కాలి. మేకలకు మేత మిగలాలి. గ్రామసభ ఒప్పుకోకుండా ఒక్క గుంత తీయొద్దు.

రెండోది పరిశోధన. వరంగల్‌లోనే ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. పదిహేనేళ్లు పడితే పట్టనీ. మంచి చెట్టును అక్కడ తేల్చాకే అంటు మొక్క ఊరికి రావాలి.

మూడోది ఎదురుచూసే కాలానికి కూలి. గుంత తీసిన రోజుకే కాదు, కాపు వచ్చేదాకా.

నాలుగోది ధర. ఏరినది ఎవరైనా గింజకు ఒకే మద్దతు ధర.

ఐదోది మిల్లు. నూనె ఊళ్లో తీయాలి, పిండి ఊరి పొలాలకే పోవాలి. గింజ లారీ ఎక్కిందంటే లాభం కూడా లారీ ఎక్కినట్టే.

అంబేద్కర్ 1947లో రాసిన 'రాష్ట్రాలు - మైనారిటీలు'లో వ్యవసాయ భూమి ప్రభుత్వానిది కావాలి, కుల భేదం లేకుండా ఊరివాళ్లు సమష్టిగా సాగు చేయాలి, పెట్టుబడి ప్రభుత్వం పెట్టాలి అన్నాడు. ప్రభుత్వ భూమిలో కూలీల చేత చెట్లు నాటించడం పైకి దానిలా కనపడొచ్చు. కానీ ఆయన సాగుదారులను చేయమన్నాడు. వీళ్లు గుంతలు తీసేవాళ్లను చేశారు.

ఇక విద్యార్థులకు రెండు పనులు. ఒకటి, మీ మండలంలో జీవ ఇంధనం పేరుతో ఉపాధి హామీ కింద ఎన్ని ఎకరాల్లో మొక్కలు పెట్టారు, ఎన్ని బతికాయి, ఇప్పుడు ఆ భూమి ఎవరి పేరున ఉందని సమాచార హక్కు కింద అడగండి. ఒక్కో దరఖాస్తుకు అయ్యే ఖర్చు తక్కువే. ఇరవై మండలాల జవాబులు వస్తే ఒక నివేదిక అవుతుంది.

రెండోది, బాటనీ పిల్లలకు. కొత్త రకం కోసం మంచి తల్లి చెట్లను వెతకాలి కదా. ల్యాబ్‌లో కూర్చుంటే అవి దొరకవు. మీ ఊళ్లో కాయలు ఏరిన ముసలమ్మను పట్టుకోండి. ఏ చెట్టు ఏటేటా కాస్తుందో ఆమె వేలు పెట్టి చూపిస్తుంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. అందులో ఆ చెట్టును, చూపించిన ఆమె పేరుతో సహా రాయించండి. రేపు ఆ చెట్టు కొమ్మ నుంచి లక్ష అంటు మొక్కలు పుట్టి, ఎవరో దానికి ఒక పేరు పెట్టి అమ్ముకుంటే, మొదట ఎవరు చూపించారన్నదానికి కాగితం ఉండాలి.

మా అవ్వ పోయి పదకొండేళ్లు. వాగు ఒడ్డున ఆమె చెప్పిన చెట్లలో రెండు ఇంకా ఉన్నాయి. పోయిన ఎండాకాలం నిండా కాశాయి. కింద రాలిన కాయలు రాలినట్టే ఉన్నాయి, ఏరేవాళ్లు లేరు. కిలోకు షావుకారి ఇచ్చే పైసలకు వంగితే నడుము నొప్పే మిగులుతుందని మా వదిన అన్నది.

ఆ చెట్లకు ఏ లోటూ లేదు. ఆ గింజకు ధర, ఆ నేలకు పేరు, ఆ ఆడవాళ్లకు హక్కు లేవు. ముందు అవి నాటండి. కానుగ దానంతటదే మొలుస్తుంది.

వచ్చే భాగంలో బంచరాయి రికార్డులు ఎట్లా చదవాలో రాస్తాను. మీ ఊరి అనుభవాలు కింద రాయండి, నేను చదువుతాను.

జై భీమ్.